ఆహార్యమా, అలంకారమా? – పూలజడ ఛాయాచిత్రంలో బాలిక

తిరువూరు ప్రాంతపు ఇళ్ళలోని పాత ఛాయాచిత్రాల్లో ఒక భంగిమ పదేపదే కనిపిస్తుంది. పట్టుపరికిణీ కట్టి, మల్లెమొగ్గల జడ వేసుకున్న బాలిక నిలువుటద్దం ముందు నిలబడి ఉంటుంది. ముఖం మనవైపు, జడ అద్దంలో. తెలుగునాట స్టూడియోలన్నిటికీ పరిచితమైన పద్ధతి ఇది. పిల్లలకు వేషం వేసి తీసిన విక్టోరియా యుగపు ఛాయాచిత్రాల కోవలో దీనినీ చేర్చడం సులభం. అయితే ఆ రెండింటికీ మౌలికమైన భేదం ఉందని, దానిని మన లక్షణశాస్త్ర పరిభాషతోనే వివరించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1858లో లూయిస్ కరోల్, ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ డీన్ కుమార్తె ఆలిస్ లిడెల్‌ను చిరుగుబట్టలతో బిచ్చగత్తెగా నిలిపాడు. 1872లో జూలియా మార్గరెట్ కామెరాన్ ఒక బాలికకు రెక్కలు తగిలించి దేవదూతను చేసింది. ఆనాటి తడి కొలోడియన్ పలకపై బింబం నిలవాలంటే పిల్లలు కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండవలసి వచ్చేది. వేషమూ నిశ్చలతా రెండూ పెద్దలు నిర్ణయించినవే. చతుర్విధాభినయాలలో ఆహార్యమని చెప్పేది ఇదే. ఇందులో పాత్ర ముందుకు వస్తుంది, వ్యక్తి మరుగవుతుంది.

పూలజడ చిత్రంలో పాత్ర లేదు. బాలిక మరొకరిగా మారదు. అలంకారం అలంకార్యాన్ని ఆశ్రయించి ఉంటుందన్న సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కెమెరా ఒక వైపునుంచే చూడగలదు. జడ ఉండేది వెన్నుమీద. ముఖాన్ని వదులుకోకుండా జడను చూపడానికి స్టూడియో కనుగొన్న ఉపాయమే అద్దం.

భేదం వస్తువులో లేదనడానికి భామాకలాపమే సాక్ష్యం. అక్కడ తెరమీదుగా ముందు కనిపించేది జడ. ఆ తరువాతే ముఖం. సంప్రదాయంలో పురుషుడు ధరించిన ఆ జడ సత్యభామ పాత్రకు చిహ్నం. కూచిపూడి తెరపై ఆహార్యమైన జడే స్టూడియో అద్దంలో అలంకారమవుతున్నది.

అలంకారం బరువు లేనిదని దీని అర్థం కాదు. వడ్డాణం, జడగంటలు కుటుంబ గౌరవాన్నీ ప్రదర్శిస్తాయి. బాలిక ఇష్టాయిష్టాలను చిత్రం చెప్పదు. అయినా మొగ్గలు మరునాటికి వాడిపోతాయి. తన వెన్నుమీది జడను ఆమె తీరికగా చూసుకోగలిగేది ఆ చిత్రంలోనే. విక్టోరియా చిత్రాల్లో అలంకరణ ప్రధానంగా చూసేవారికోసం. ఇక్కడ అది చూడబడే బాలికకు కూడా దక్కుతుంది.

కనుక ఇటువంటి చిత్రాలను సేకరించే పరిశోధకులు పూల, నగల వివరాలతో ఆగిపోరాదు. కుటుంబం అనుమతించిన మేరకు బాలిక పేరును కూడా నమోదు చేయాలి. పేరు పోయిననాడు ఆమె కేవలం ‘పూలజడ అమ్మాయి’ అనే పాత్రగా మిగులుతుంది. అప్పుడు అలంకారం మళ్ళీ ఆహార్యమైపోతుంది.