అంబాసిడర్ కింద ఆయిలు మరక

తిరుచానూరులో పాత అంబాసిడర్ కనిపిస్తే నా చూపు ముందు దాని కిందికే పోతుంది. నేల మీద మరక చూస్తే బండి ఎలాంటి చేతుల్లో ఉందో తెలిసిపోతుంది. అమ్మవారి గుడికీ కొండకీ ఎందరు యాత్రికుల్ని మోసిందో ఈ కారు! ఉత్తరపారా ఫ్యాక్టరీలో దాని తయారీ 2014 మేలో ఆగిపోయింది. ఇక దాని ఆయుష్షంతా షెడ్డు మేస్త్రీల చేతుల్లోనే.

ఆయిలు కారుతోందంటే నట్లు బిగించమంటారు చాలామంది. మంచి మేస్త్రీ స్పానరు ముట్టుకోడు. "ముందు యాడినుంచి వస్తా ఉండాదో చూడాల సామీ" అంటాడు. ఇంజన్ని డీజిలుతో కడిగి, తుడిచి, ఆరాక అనుమానమున్న చోటల్లా పౌడరు చల్లుతాడు. కాస్త దూరం తిప్పి తెచ్చి టార్చిలైటు వేస్తే తడిసిన పౌడరే దారి చూపిస్తుంది. ఆయిలు కిందికి జారుతుంది, బండి పరుగులో గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు. తడిలో అన్నిటికంటే పైన, ముందు ఉన్నదే అసలు చోటు. ఇంజన్ అడుగున ఉండే సంపు తడిసిందని దాన్ని విప్పి ప్యాకింగ్ మార్చినవాళ్లున్నారు; కారింది పైనున్న టాపెట్ కవరు నుంచి.

ఆ కవర్లకి కార్కు ప్యాకింగ్. అతిగా బిగిస్తే నలిగి బయటికి పొంగుతుంది. సంపు అంచు రేకు కూడా బోల్టు రంధ్రాల దగ్గర ఉబ్బుతుంది. దాన్ని దిమ్మ మీద పెట్టి సుత్తితో సమం చేయకుండా ఎన్ని కొత్త ప్యాకింగులు వేసినా వృథాయే. దొరకని ప్యాకింగ్‌ని అక్కడే చేసుకుంటారు: కాగితాన్ని భాగం మీద పరిచి, గుండ్రటి మొనున్న సుత్తితో అంచు వెంబడి మెల్లగా తడితే ఆ ఆకారానికే తెగుతుంది. షెడ్డులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అది.

పాత 1489 సీసీ ఇంజన్‌కి క్రాంకు వెనక రబ్బరు సీలే లేదు. షాఫ్టు మీద మర లాంటి గాడి ఆయిల్ని లోపలికి తిప్పి పంపుతుంది. బ్రీదరు గొట్టం మసితో పూడితే లోపల ఒత్తిడి పెరిగి ఆయిలు అటునుంచి తోసుకొస్తుంది. ఇంజన్ దించకముందే ఆ గొట్టం కడిగి చూడాలి; పైసా ఖర్చు లేదు.

సెకండ్‌హ్యాండ్ సామాన్ల కోసం ఇక్కడివాళ్లు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మద్రాసు పుదుప్పేట పోతారు. గేరుబాక్సు పెట్టె, తలుపు పిడి, డైనమో లాంటివి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. సిలిండర్ హెడ్డు అయితే పగుళ్లు చూసి, స్కేలు ఆనించి వంపు చూసి కొనాలి. రబ్బరు సీళ్లు, బ్రేకు గొట్టాలు మాత్రం పాతవి ఉచితంగా ఇచ్చినా వద్దు.

కొండ ట్యాక్సీల కాలం నుంచీ, పాత రబ్బరు వద్దనే ఈ నియమం మీద మేస్త్రీలు రాజీపడరు. తిరుమల నుంచి దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద, మలుపు వెంట మలుపు. వెనక యాక్సిల్ సీలు కారితే ఆయిలు నేల మీద కనిపించకముందే డ్రమ్ములోకి చేరి బ్రేకు లైనర్లని తడుపుతుంది. తడిసిన లైనరు కడిగితే బాగుపడదు, మార్చాల్సిందే. అందుకే ఇంజన్ ఎంత పొడిగా ఉన్నా, బండి అప్పగించే ముందు మేస్త్రీ రెండు వెనక చక్రాలూ విప్పి, డ్రమ్ము లోపల వేలు పెట్టి చూసుకుంటాడు.