అంటు, ముట్టు, దూరం: కరోనా సాహిత్యాన్ని ఉద్దానం నుంచి చదివితే

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో పాటు ‘సామాజిక దూరం’ అన్న మాట కూడా మన ఇళ్లలోకి వచ్చింది. అందులో అంటరానితనం వాసన ఉందన్న అభ్యంతరాలు రావడంతో ‘భౌతిక దూరం’ అని దిద్దుకున్నాం. విశేషణం మార్చి ఊరుకున్నాం గానీ, ‘దూరం’ అన్న మాటకే తెలుగులో ఉన్న చరిత్రను పెద్దగా పట్టించుకోలేదు. నెలకు మూడు రోజులు ఆడవాళ్లు ‘దూరం’ ఉండటం, ‘బయట’ చేరడం మనకి కొత్తవి కావు. వేరే కంచం, వేరే చాప, పొరపాటున తగిలితే తలస్నానం. వీటిలో ఏదీ వైరస్ నేర్పింది కాదు.

తాకడం చుట్టూ మన భాష అల్లుకున్న మాటలు చూడండి. ముట్టుకోవడంతోనే ‘ముట్టు’ ముడిపడి ఉంది. అంటడంలోంచి అంటువ్యాధి వచ్చింది, అంటరానితనం వచ్చింది, రోజూ తోమాల్సిన అంట్లూ వచ్చాయి. రోగం, కులం, ఇంటిచాకిరీ మూడూ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి. అంటే మన సమాజంలో కొందరు ఏదీ అంటకుండా ఉండాలంటే, ఇంకొందరు అన్నీ అంటుకుంటూనే ఉండాలి. కరోనా సాహిత్యాన్ని చదివేటప్పుడు ఈ రెండో వైపున ఎవరున్నారని అడగకపోతే మన విమర్శ సగంలోనే ఆగిపోతుంది.

నేను చదివిన కరోనా కథల్లో, కవితల్లో తరచూ ఎదురైన మనిషి ఒకరున్నారు. అతను ఇంట్లో చిక్కుకుపోతాడు. కిటికీలోంచో బాల్కనీలోంచో ఖాళీ వీధిని చూస్తాడు. వలస కూలీల నడకను టీవీలో చూసి చలించిపోతాడు. ఒంటరితనం అతనికి తత్వం బోధిస్తుంది. ఆ బాధ అబద్ధమని అనను. కానీ ఆ ఇంట్లో పనిమనిషి రావడం మానేశాక అంట్లు ఎవరు తోమారు, జ్వరం వచ్చిన అత్తగారి పక్కబట్టలు ఎవరు మార్చారు అన్నది కథలోకి రాదు. ఏకాంతం కూడా గదులున్న వాళ్లకే దొరుకుతుందన్న ఎరుక లేకపోవడం ఈ రచనల ప్రధానమైన లోపం.

ఇదే విషయాన్ని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి చూస్తే ఇంకొంచెం తేటపడుతుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... కొబ్బరి, జీడి, పనస తోటల నేల. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటల్ని నేలకూల్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే అక్కడ కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. దాని కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అది అంటుకునే జబ్బు కాదు. అయినా ఆ ఊళ్లతో పెళ్లి సంబంధం కలుపుకోవడానికి బయటివాళ్లు వెనకాడతారన్నది వార్తలకెక్కిన సంగతే. అంటని జబ్బుకి కూడా అంటు పాటించిన లోకం మనది.

డయాలసిస్ మీద బతికే మనిషికి ‘ఇంట్లోనే ఉండండి’ అన్న మాటకి అర్థం లేదు. వారానికి రెండు మూడుసార్లు పలాసకో టెక్కలికో సోంపేటకో వెళ్లి, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవాలి. బస్సులు ఆగినా రక్తం శుభ్రం కావాల్సిందే. అలాంటి రోగి భార్యకి మాస్కు, చేతులు కడుక్కోవడం, నీళ్లూ ఉప్పూ కొలిచి పెట్టడం అన్నీ ఒకే పనిలో భాగాలు. ఆమెకి రెండు గజాల దూరం పాటించే వీలు లేదు. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో గానీ ప్రారంభం కాలేదు. మహమ్మారి కాలమంతా ఆ దారి ఆమెకి దూరంగానే ఉంది.

మహమ్మారి కాలంలో పలాస పేరు మూడుసార్లు పెద్ద వార్తయింది. 2020 జూన్‌లో కరోనా అనుమానంతో ఒక వృద్ధుడి మృతదేహాన్ని జేసీబీలో తరలించారు. ఆ వీడియో చూసి రాష్ట్రం నివ్వెరపోయింది, మున్సిపల్ కమిషనర్‌నీ శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నీ సస్పెండ్ చేశారు. 2021 ఫిబ్రవరిలో కాశీబుగ్గ ఎస్సై కొత్తూరు శిరీష, అడవికొత్తూరు పొలాల్లో దొరికిన అనామక వృద్ధుడి శవాన్ని ఎవరూ ముట్టుకోకపోతే, తానే స్ట్రెచర్ పట్టి దాదాపు రెండు కిలోమీటర్లు మోసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మందస మండలం మహిళ శవాన్ని అంబులెన్సు దొరక్క అయినవాళ్లు బైకు మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకుపోయారు.

‘తరలించారు’ అన్న క్రియని గమనించండి. దానికి కర్త కనపడడు. శవాన్ని ఎత్తి ఇనుప తొట్టెలో పెట్టిన చేతులు ఎవరివి, వాటికి గ్లౌజులున్నాయా లేదా అన్నదానికి ఆ వాక్యంలో చోటే లేదు. జేసీబీ అంటే యంత్రం పాటించిన మడి అనుకోవాలి. శిరీష వార్తలో మాత్రం కర్తకి పేరుంది, ఫొటో ఉంది, డీజీపీ ప్రశంస ఉంది. ఆమె చేసింది గొప్ప పనే. అయితే ఖాకీ చొక్కా వేసుకున్న స్త్రీ శవాన్ని మోస్తే అది మానవత్వం అవుతుంది. పారిశుధ్య కార్మికురాలు అదే పని చేస్తే డ్యూటీ అవుతుంది. భార్య చేస్తే బాధ్యత అవుతుంది. ఒకే స్పర్శకి ఇన్ని పేర్లెందుకు? ఈ ప్రశ్నని మన కథకులు అడగాల్సింది.

ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉంది. స్త్రీల స్పర్శను ‘అమ్మ చేయి’గా కీర్తించి ఊరుకోవడం. ఆ కీర్తనకి జీతం ఉండదు. ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకున్న ఆశా కార్యకర్తలకి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది. వాళ్లకి దక్కుతున్న దాన్ని మాత్రం ఇప్పటికీ ‘గౌరవ వేతనం’ అనే అంటున్నాం. గౌరవమే ఇస్తే వేతనం అడగరనే నమ్మకం ఆ మాటలో దాగి ఉంది.

మాస్కు విషయమూ అంతే. నోరు మూసుకుని బతకాల్సి రావడం ఊపిరాడని కొత్త అనుభవంగా కవిత్వంలోకి వచ్చింది. పొగలోనో దుమ్ములోనో పనిచేసే ఆడవాళ్లు ఏనాటి నుంచో మూతికి చెంగు కట్టుకుంటూనే ఉన్నారు. పలాస జీడి పరిశ్రమలో గింజ ఒలిచే ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి కమిలిపోతూనే ఉన్నాయి. చెంగు ఇటు రక్షణ, అటు ‘మాట్లాడకు’ అన్న ఆజ్ఞ. నోరు కప్పుకొమ్మని మగవాళ్లకి కూడా చెప్పిన మొదటి ఉత్తర్వు బహుశా కరోనాదే కావచ్చు! అందుకే కాబోలు అంత కవిత్వం పుట్టింది.

1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం శరీరాన్నీ వంటింటినీ సాహిత్య వస్తువులుగా నిలబెట్టింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవుల గొంతుని ముందుకు తెచ్చింది. తాకడాన్ని, తాకనివ్వకపోవడాన్ని రాజకీయంగా చదవడం మనకి ఆ రెండు ధోరణులూ నేర్పాయి. పాతికేళ్ల తర్వాత దూరమే దేశానికి నియమమైనప్పుడు, ఆ చదువు మన కథల్లో బలంగా కనిపించాల్సింది. కనిపించలేదు.

ఇప్పుడు ఆ కాలం మీద నవలలు, పరిశోధనలు వస్తాయి. విశ్వవిద్యాలయాల్లో సదస్సులు జరుగుతాయి. రాసేవాళ్లనీ చదివేవాళ్లనీ నేను కోరేది ఒకటే. ‘తరలించారు’, ‘శుభ్రం చేశారు’, ‘చూసుకున్నారు’ అన్న ప్రతి చోటా ఆగి, ఎవరు అని అడగండి. ఆ చేతికి ఎంత కూలి ముట్టిందో కూడా అడగండి. కూలికి కూడా మనం వాడే మాట ‘ముట్టడమే’ కదా.