వాహనములకు మార్పులు: చట్టమడుగు ప్రశ్న, శాస్త్రమడుగు ప్రశ్న

మోటారు వాహనమును కొన్నవాడు దానిని కొన్నట్లే ఉంచుకొనుట అరుదు. కుర్రవాడు మోటారు సైకిలుకు పెద్దగా మ్రోగు సైలెన్సరు బిగించును. జీపు గలవాడు స్ప్రింగులక్రింద దిమ్మలు పెట్టించి బండిని జానెడు పైకెత్తించును. కారుయజమాని అద్దములకు నల్లని పొర అంటించును, ముందువైపున ఇనుప గొట్టముల కంచె కట్టించును. ఆటో నడుపువాడు తన ప్రక్కన ఇంకొకరు కూర్చుండుటకు చెక్క వేయించును. ఇట్టి మార్పులు తగునా తగవా అను వాదము మనదేశమున చాలకాలముగ సాగుచున్నది. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను పోలీసువారు సైలెన్సర్లను వీధిలో వరుసగా పరచి రోడ్డు రోలరుతో తొక్కించినప్పుడెల్ల ఈ వాదము మరల రగులుకొనును.

వాదించువారు రెండు పక్షములు. "బండి నాది, డబ్బు నాది, నా యిష్టము" అనునది ఒకటి. "చట్టము వలదన్నది, కావున అది అపాయకరము" అనునది రెండవది. మొదటి వాదము తప్పని ఎవరైనను చెప్పగలరు. బండి సొంతమే కాని బాట సొంతము కాదు. రెండవదానిలోని తప్పు అంత తేలికగా కంటికి కనబడదు. చట్టసమ్మతము, క్షేమకరము అను రెండు మాటలను అది ఒకే మాటగా వాడుచున్నది. ఆ రెండును కొన్నిచోట్ల కలియును, కొన్నిచోట్ల కలియవు.

ముందుగా చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ఈ విషయమును గూర్చినది. 2000లో దానిని సవరించిరి. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు, తయారుచేసినవారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు ఏ యజమానియు బండిని మార్చరాదని దాని సారాంశము. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు తీర్పును త్రోసిపుచ్చుచు, ఈ సెక్షనును ఉన్నదున్నట్లు అమలుజరుపవలెనని చెప్పినది. అదే సంవత్సరము వచ్చిన సవరణచట్టము 182-ఎ అను సెక్షనును చేర్చి, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చుననినది. వేరొక ఇంధనమునకు ఇంజనును మార్చుకొనుట, వికలాంగులకు అనువుగ బండిని దిద్దుకొనుట వంటివానికి అనుమతిమార్గములు కలవు.

ఈ చట్టము చేతబట్టిన కొలబద్ద తయారీదారుని పత్రము. బండి ఆ పత్రమును పోలియున్నదా లేదా అనునదే దాని ప్రశ్న. ఈ కొలబద్దలో ఒక సుగుణము లేకపోలేదు. నడివీధిలో నిలుచున్న పోలీసు ఉద్యోగి చేతిలో ప్రయోగశాల ఉండదు. పత్రముతో బండిని పోల్చిచూచుట మాత్రము అతనికి సాధ్యము. అదిగాక, కంపెనీ బండిని విడిభాగములుగ గాక మొత్తముగ పరీక్షించును. ఈ రెండవ సంగతి చాల ముఖ్యమైనది. దానిని ముందు చూతము.

అయినను పత్రమును పోలియుండుటయే క్షేమమునకు ఋజువనుకొన్నవారు 2014ను గుర్తుతెచ్చుకొనవలెను. ఆ యేడు గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మనదేశమున అమ్ముడుపోవుచున్న అయిదు చిన్నకార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగమున అడ్డంకికి ఢీకొట్టించి చూచినది. పెద్దల రక్షణ విషయమున ఒక్కదానికిని ఒక్క నక్షత్రమైనను రాలేదు. ఆ కార్లలో ఎవ్వరును ఒక మేకునైనను మార్చలేదు. నాటి చట్టము ననుసరించి అవి నిర్దోషములు. కొత్తకార్లకు ఢీ పరీక్షలు మనదేశమున 2017లో గాని తప్పనిసరి కాలేదు.

అద్దముల పొర కథ మరియొక నిదర్శనము. ముందువెనుకల అద్దములు నూటికి 70 పాళ్లు, ప్రక్క అద్దములు 50 పాళ్లు వెలుతురును పోనీయవలెనని నియమము. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, ఆ నియమము కంపెనీనుండి వచ్చు అద్దమును గూర్చినదే కాని పైన అంటించు పొరను గూర్చినది కాదనియు, కావున ఎంత వెలుతురును పోనిచ్చు పొరయైనను కూడదనియు తీర్పుచెప్పినది. తరువాత నియమమే మారినది. మారిన నియమములోని హద్దులకు లోబడిన పొరలకు అభ్యంతరము లేదని 2024లో కేరళ హైకోర్టు పలికినది. అనగా ఇన్ని సంవత్సరములు అడిగిన ప్రశ్న "పొర ఎవరంటించిరి?" అనునది. అడుగవలసిన ప్రశ్న "లోపలివాని కంటికి ఎంత వెలుతురు చేరుచున్నది?" అనునది. ఈ లెక్క పాఠశాల విద్యార్థికి సులువు. 75 పాళ్లు పోనిచ్చు అద్దముపై 70 పాళ్లు పోనిచ్చు పొర అంటించినచో చేరునది 70 కాదు. 75లో నూటికి 70, అనగా 52.5 పాళ్లు. ప్రక్క అద్దమునకు అది చెల్లును, ముందు అద్దమునకు చెల్లదు. "డెబ్బది పొర" అని దుకాణదారుడు చెప్పిన మాట అబద్ధము కాదు. కాని అది పొరను గూర్చిన మాట, కిటికీని గూర్చినది కాదు.

చట్టమును, శాస్త్రమును ఒక్కమాటపై నిలుచుచోటులును కలవు. ముందువైపు ఇనుప కంచె అట్టిది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ వీనిపై చర్య తీసికొనవలసినదని రాష్ట్రములకు వ్రాసినది. కారు ముందుభాగము మడతలుపడి నలుగునట్లు బుద్ధిపూర్వకముగ చేయుదురు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు 60 సెంటీమీటర్ల మేర నలిగి ఆగినచో, లోనివారికి కలుగు సగటు ఋణత్వరణము గురుత్వ త్వరణమునకు 16 రెట్లు. ఛాసిసుకు బిగించిన ఇనుప కంచెవలన 30 సెంటీమీటర్లే నలిగినచో అది 33 రెట్లగును. బండికి గీతపడలేదని యజమాని సంతోషించును. ఆ తగ్గిన సొట్టకు మూల్యము లోపల కూర్చున్నవాని పక్కటెముకలు చెల్లించును. ఎదురుపడిన పాదచారి పిల్లవాడైనచో చెప్పనక్కరలేదు.

ఇక సైలెన్సరు. దీనిని సమర్థించువారు చెప్పు కారణము వినుటకు బాగున్నది: మ్రోత ఎక్కువైనచో ఇతరులు ముందే విని తప్పుకొందురు, కనుక అది ప్రాణరక్షకమట. దీనిని కొట్టివేయక పరీక్షించుట మేలు. పొగగొట్టము వెనుకకు తిరిగియుండును. ధ్వనిలో హెచ్చుపాలు వెనుకవారికి చేరును. అపాయము ఎటునుండి వచ్చును? అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హర్ట్ బృందము లాస్ ఏంజెలిస్ ప్రాంతమున 900 మోటారు సైకిలు ప్రమాదములను పరిశీలించి 1981లో నివేదిక ప్రకటించినది. అపాయహేతువులలో ముప్పాతికకు పైగా, సూటిగా ముందువైపునుండి ఇరుప్రక్కల 45 డిగ్రీల లోపలనే ఉన్నవని అందు తేలినది. అపాయము ముందున్నది, అరుపు వెనుకకు పోవుచున్నది! 175 సి.సి.కి మించిన ఇంజను గల మోటారు సైకిలు తయారీదశలో 80 డెసిబెల్‌లు దాటరాదని మన నియమము. డెసిబెల్ లెక్క కూడికకాదు. పది పెరిగినప్పుడెల్ల ధ్వనితీవ్రత పదింతలగును. అదే కొలతలో 100 డెసిబెల్‌లకు చేరిన గొట్టము 80కి ఇరువదిపాళ్లు అధికమని తలచుట పొరపాటు, అది నూరింతలు. ఈ మ్రోతలో బడికి పోవు పిల్లవాడు వెనుకనుండి వచ్చు బస్సు హారనును వినలేకపోవుట సహజము. రోలరుతో తొక్కించుట చూచువారికి వినోదమే గాని, ఇన్ని డెసిబెల్‌లు కొలిచితిమని ఒక అంకె చెప్పి తొక్కించినచో యువకులకు అంతకంటె మంచి పాఠమయ్యెడిది.

ఇప్పుడు ఎత్తుచేసిన జీపు. ఈ వాదమంతటిలో అందరును తేలికగ దాటిపోవు విషయమిదే. చక్రముల నడుమ వెడల్పు 1.4 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.7 మీటరు గల జీపును ఊహింతము. మలుపు తిరుగునపుడు టైర్లు నేలవద్ద బండిని ప్రక్కకు లాగును; గరిమనాభి పైన ఉండుటచే బండి వెలుపలి చక్రములపై ఒరగజూచును. ఆ ప్రక్కబలము, వెడల్పులో సగమును ఎత్తుతో భాగించగా వచ్చిన అంకెను బండి బరువుతో హెచ్చించినంత అయినప్పుడు లోపలి చక్రములు లేచును. ఇచట ఆ అంకె 0.7ను 0.7తో భాగించగా 1. కాని టైరు, రోడ్డు నడుమ ఘర్షణ గుణకమునకు మించిన ప్రక్కబలము పుట్టనే పుట్టదు. పొడి తారురోడ్డుపై అది 0.8 అనుకొందము. 0.8 అనునది 1 కంటె తక్కువ. కావున వేగము మించినచో ఈ జీపు బోర్లపడక ముందే జారును. జారుట మాత్రము మంచిదా అని అడుగవచ్చును. జారిన బండి వేగము తగ్గగనే మరల చేతికి చిక్కవచ్చును, బోర్లపడిన బండికి ఆ అవకాశము లేదు.

యజమాని జీపును 10 సెంటీమీటర్లు ఎత్తించెను. అంకె 0.7ను 0.8తో భాగించగా 0.875 అయినది. ఇంకను 0.8 కంటె ఎక్కువే. జీపు ఇప్పుడును జారునే గాని బోర్లపడదు. మెకానిక్కు "ఏమియు భయములేదు" అన్నచో అది అబద్ధము కాదు. వేరొక యజమాని ఎత్తు ముట్టుకొనక, పట్టు హెచ్చుగాగల మెత్తని టైర్లు మాత్రము వేయించెను. ఘర్షణ గుణకము 0.9 అయినది; 1 కంటె తక్కువే. ఇతని బండియు బోర్లపడదు, పైగా బ్రేకు బాగుగ పట్టును. మూడవవాడు ఇద్దరినిచూచి రెండును చేయించెను. అంకె 0.875, ఘర్షణ 0.9. ఈ జీపు మలుపులో జారదు; బోర్లపడును.

రెండు మార్పులు, విడివిడిగ రెండును నిరపాయములు, కలిసినచో ప్రాణాంతకములు. నిజమైన బండిలో స్ప్రింగులు, టైర్లు అణగుటచే పై అంకెలు ఇంకను తగ్గును. చక్రములను వెలుపలికి జరిపి వెడల్పు పెంచిన దోషము తీరదా అని ఈ విద్య తెలిసినవారు అడుగుదురు. కొంత తీరును, అప్పుడు బేరింగులపై భారము పెరుగును. పెద్దటైరు వేసినవాడు వేగము చూపు మీటరును కూడ మరువరాదు. టైరు వ్యాసము నూటికి 5 పాళ్లు పెరిగినచో మీటరు 60 చూపునపుడు బండి 63తో పోవుచుండును.

ఈ కారణముచేతనే "ఈ భాగము మంచిది, ఈ భాగము చెడ్డది" అని పట్టికలు వ్రాయువారి శ్రమ సగము వృథా. అడుగవలసినది బండి మొత్తమును గూర్చి. జర్మనీ దేశపు వాహన నియమావళిలోని 19వ నిబంధన ఇట్లు అడుగుచున్నది. మార్పువలన బండి రకము మారినదా? ఇతరులకు అపాయము కలుగునని తలచుటకు వీలున్నదా? పొగ గాని, మ్రోత గాని హెచ్చినదా? వీనిలో ఏది జరిగినను నడుపు అనుమతి రద్దగును. గుర్తింపుపొందిన నిపుణుడు బండిని పరీక్షించి పత్రమిచ్చినచో మరల లభించును. ఆ దేశీయులు మార్పులను మనకంటె తేలికగ చూతురనుకొనరాదు. వారు అడుగు ప్రశ్న వేరు, అంతే. మనదేశమున పూణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి పరీక్షాసంస్థలున్నవి, కంపెనీలవారి నమూనాలను, ఇంధనము మార్చు పరికరములను అవి పరీక్షించుచున్నవి. ఒక్క జీపు గలవాడు తన జీపును అచటికి తోలుకొనిపోయి, పరీక్షింపించి, అనుమతి తెచ్చుకొను బాట సామాన్యముగ లేదు. బాట లేనిచోట జనులు దొడ్డిదారి పట్టుదురు. మెకానిక్కు షెడ్డు అట్టిది. మరి గరిమనాభిని ఎత్తుచేయుటకు మార్పే అక్కరలేదు. కప్పును మించి గడ్డి గాని, ప్రత్తి గాని పేర్చినచో రిజిస్ట్రేషను పత్రములో ఒక్క అక్షరమైనను మారదు.

బోర్లపడు అంకెను కనుగొనుటకు పరిశోధకులు బండిని వంపుబల్లపై నిలిపి మెల్లగ ఒక ప్రక్కకు వంతురు. పైచక్రములు లేచు కోణమును చూతురు. మన ఊహాజీపు మొదట 45 డిగ్రీలవరకు ఓర్చును. ఎత్తించిన పిదప 41 డిగ్రీలు. ఇంగ్లండులో రెండంతస్తుల బస్సులు, పై అంతస్తున ప్రయాణికుల బరువుంచి, 28 డిగ్రీలు వంచినను పడరాదు.

ఈ పరీక్షను తరగతిలోనే చేయవచ్చును. ఒక బొమ్మకారును నున్నని పలకపై అడ్డముగ, అనగా దొర్లిపోకుండునట్లు ఉంచి, పలక ఒక అంచును మెల్లగ ఎత్తవలెను. కారు జారిన కోణమును కోణమానినితో కొలిచి వ్రాసికొనవలెను. తరువాత కారుపై అగ్గిపెట్టె నంటించి, దానిమీద నాలుగు నాణెములుంచి మరల ఎత్తవలెను. నున్నని పలకపై అది ఇప్పుడును జారును. ఇక పలకపై గరుకుకాగితము అంటించి, అగ్గిపెట్టె లేకుండ ఒకసారి, నాణెములతో ఒకసారి చూడవలెను. ఎత్తు చాలినంత ఉన్నచో, నున్నని పలకపై నిలకడగ జారిన ఆ కారే గరుకుకాగితముపై జారక బోర్లపడును. ఏ కోణమువద్ద అన్నది ఒక్కొక్క విద్యార్థి ముందుగ లెక్కగట్టి, తరువాత పలక ఎత్తి చూచుకొనవచ్చును.