కొలబద్దకు కనపడని కులం

నర్సుల పని వాతావరణాన్ని కొలవడానికి 2002లో అమెరికాలో ఐలీన్ లేక్ రూపొందించిన ప్రశ్నావళిలో 31 అంశాలున్నాయి. సిబ్బంది సరిపడా ఉన్నారా, డాక్టర్లతో సఖ్యత ఉందా - ఇట్లాంటివి. దాన్ని ఉన్నదున్నట్టు నార్సింగి కార్పొరేట్ ఐసియుల్లో పంచిపెడితే ఏం తేలుతది? జీతం ఊసు లేదు. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని 2016లో కేంద్ర కమిటీ చెప్పిందాయె! కులం ఊసు అసలే లేదు. వెంటిలేటర్ మీదున్న మనిషి మలమూత్రాలెత్తే పనిని డాక్టరు ముట్టడు. అది నర్సు మీదికి, ఆమె నుంచి ఆయా మీదికి జారుతది. కులమంటే శ్రమ విభజనే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లోనే తేల్చిండు. ‘సఖ్యత’ గడిలో దీన్నెక్కడ రాయాలె? రాత్రి షిఫ్టులో బెడ్‌పాన్ ఎవరెత్తారు, వాళ్లది ఊరా వాడా అనే 32వ ప్రశ్న వెయ్యని సర్వేను మేం ఒప్పుకోం.