గడ్డిలో దాక్కున్నవాడు కనిపించాలి

పాత ఎనిమిది బిట్ల ఆటల్లో బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్ ఆట యంత్రం తెర మీద ఒక అడ్డవరుసలో ఎనిమిది స్ప్రైట్లకు (కదిలే చిన్న బొమ్మలకు) మించి చూపలేదు. శత్రువులు, తూటాలు, హీరో అంతా ఒకే వరుసలోకి వచ్చి ఆ లెక్క దాటితే కొన్ని రాలిపోతాయి. ఎప్పుడూ ఒకే బొమ్మ మాయం కాకుండా ఆట రాసినవాళ్లు వంతులు వేశారు. ఈ ఫ్రేమ్‌లో ఇది పోతే వచ్చే ఫ్రేమ్‌లో అది పోతుంది. సెకనుకు అరవై ఫ్రేములు నడుస్తుంటాయి కాబట్టి కంటికి రెండూ ఉన్నట్టే ఉంటాయి, కాస్త వణుకుతూ. తొంభైల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి కాంట్రా, మారియో ఆడిన పెట్టెలు ఎక్కువగా ఈ యంత్రానికి నకళ్లే. ఆ మిణుకు చూడని పిల్లలు లేరు.

అలాంటి ఆటను రికార్డు చేసి, ఫైలు చిన్నది చేద్దామని అరవై ఫ్రేముల్ని ముప్పై చేశామనుకోండి. ఫ్రేము వదిలి ఫ్రేము తీసేస్తాం. ఆ తీసేసిన ఫ్రేముల్లోనే ఉన్న బొమ్మ వీడియోలో అసలు పుట్టనే పుట్టదు. దెబ్బ తిని మెరుస్తున్న హీరో కాసేపు మాయమవుతాడు, లేదా మెరుపే లేకుండా మామూలుగా నడిచిపోతాడు. ఆడినవాడు చూసిన ఆట అది కాదు.

పాత ఆటల రికార్డింగుల్ని చిన్న ఫైళ్లుగా మార్చి దాచే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇందులో నేను పట్టుకున్న సూత్రం ఒకటే: ఆడినవాడికి కనిపించింది చూసేవాడికీ కనిపించాలి. దానికి అడ్డురానిది ఎంతైనా తీసేయొచ్చు.

తీయాల్సింది మాత్రం బోలెడు. 1080పి తెర అంటే 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసల చుక్కలు. చుక్కకు 3 బైట్లు, సెకనుకు 60 ఫ్రేములు. ఏమీ కుదించకపోతే సెకనుకు 37 కోట్ల బైట్లు దాటుతుంది, గంట ఆట 1.3 టెరాబైట్లు మింగేస్తుంది. అదే గంటను సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఎన్‌కోడ్ చేస్తే 3.6 గిగాబైట్లలో ఇమిడిపోతుంది. రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్‌తో ఫోన్లో చూసేవాళ్లకు అది కూడా ఎక్కువే. అందుకే సైజు తగ్గించడాన్ని నేను చూసేవాళ్ల పట్ల మర్యాదగా భావిస్తాను.

ఈ కుదింపుకు మూలమైన గణితం బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్‌ది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ మీద ఆయన, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి రాసిన పరిశోధనా పత్రం 1974 జనవరిలో వచ్చింది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో మెల్లగా మారే ఛాయ ఎంత, గబగబా మారే సన్న వివరం ఎంత అని విడగొట్టి చెబుతుంది ఈ ట్రాన్స్‌ఫామ్. మెల్లగా మారేదాన్ని భద్రంగా ఉంచి, సన్న వివరాన్ని ముతక లెక్కలోకి దించేస్తే కన్ను పెద్దగా పట్టించుకోదు. 2003లో వచ్చిన హెచ్.264 వీడియో ప్రమాణం కూడా ఈ పద్ధతి తాలూకు పూర్ణాంకాల రూపాన్నే వాడుతుంది.

కెమెరాతో తీసిన పెళ్లి వీడియోకు ఇది చక్కగా సరిపోతుంది. ఆట సంగతి వేరు. ఒక మూలన మ్యాప్, ఇంకో మూలన తూటాల లెక్క గంటసేపు కదలకుండా కూర్చుంటాయి. వాటికి ఎన్‌కోడర్ దాదాపు ఏమీ ఖర్చు పెట్టదు. ఆట ఆపి మెనూ తెరిస్తే ఖర్చు ఇంకా పడిపోతుంది. తర్వాత ఆటగాడు గడ్డిలో పరుగెత్తుతాడు. ప్రతి పరకా ప్రతి ఫ్రేమ్‌లోనూ కొత్తదే. గేమ్ వీడియోలో అసలు పరీక్ష ఇదే.

మా తమ్ముడి కొడుకు ఫోన్లో బీజీఎమ్ఐ అనే షూటింగ్ ఆట ఆడతాడు. ఒకసారి ఎరాంగెల్ మ్యాప్‌లో దూరంగా గడ్డిలో బోర్లా పడుకున్నవాణ్ని ఒక్క దెబ్బకు కొట్టి, ఆ రికార్డింగ్ స్నేహితులకు పంపాడు. వాళ్లు నమ్మలేదు. "పెదనాన్నా, వాడక్కడే ఉన్నాడు, నాకు హెల్మెట్ కనిపించింది. వీడియోలో చూస్తే ఉత్త గడ్డే ఉంది. నేను హ్యాక్ వాడానంటున్నారు," అన్నాడు. వాడి గొంతులో ఉక్రోషం నాకింకా గుర్తే. ఫోన్లోని రికార్డింగ్ యాప్ బిట్‌రేట్ బాగా తక్కువ పెట్టి ఉంది. తెరంతా గడ్డి ఊగుతుంటే ఇచ్చిన బిట్లు చాలక, ఎన్‌కోడర్ సన్న వివరాన్ని ఎక్కడికక్కడ చదును చేసేసింది. ఆ హెల్మెట్ నాలుగైదు చుక్కలు, ఎన్‌కోడర్ లెక్కలో అదీ గడ్డిపరకే. వాడి నైపుణ్యానికి సాక్ష్యం ఆ చుక్కలే, మొదట పోయిందీ అవే.

అందుకే బిట్‌రేట్‌ను ముందే బిగించి ఎన్‌కోడ్ చేయడం నాకు నచ్చదు. హెచ్.264 వీడియోలు తయారుచేసే వీడియోలాన్ వారి ఎక్స్264 ఎన్‌కోడర్‌లో సీఆర్ఎఫ్ అనే పద్ధతి ఉంది. సైజు ఇంత ఉండాలని కాకుండా నాణ్యత ఇంత ఉండాలని చెబుతాం; మెనూకు తక్కువ, గడ్డికి ఎక్కువ బిట్లు అదే పంచుకుంటుంది. ఆ నాణ్యతను చెప్పే అంకె మామూలు వీడియోలో 0 నుంచి 51 దాకా ఉంటుంది, సున్నా అంటే నష్టమే లేదు. మనమేమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. అంకె ఆరు తగ్గితే సైజు సుమారుగా రెట్టింపవుతుంది. గడ్డి, పొగ, వాన ఉన్న ఆటలకు నేను 18 నుంచి 20 మధ్య పెడతాను. కార్టూన్ రంగుల ఆటలైతే 23 దాకా వెళ్లినా తేడా కనిపించదు.

పాత చుక్కల ఆటలకు ఇవేమీ అక్కర్లేదు. 256 చుక్కల వెడల్పు, గుప్పెడు రంగులు, మళ్లీ మళ్లీ వచ్చే పలకలు. అసలు సైజులోనే, ఒక్క చుక్క నష్టం లేకుండా దాచినా ఫైలు తేలిగ్గానే ఉంటుంది. పాత డాస్ ఆటలు నడిపే డాస్‌బాక్స్‌లో ఇలాంటి తెరల కోసమే జెడ్ఎంబీవీ అనే నష్టం లేని కోడెక్ పెట్టారు. ఆ ఆటల్ని ప్రేమించినవాళ్లకే తట్టే ఆలోచన అది.

వాటిని సాధారణ వీడియోగా మార్చాలంటే మాత్రం చిక్కు రంగుల దగ్గర వస్తుంది. సాధారణ వీడియోలో వెలుగును ప్రతి చుక్కకూ రాసుకుంటారు, రంగును మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారే. దీన్ని 4:2:0 అంటారు. మనిషి ముఖం మీద ఈ పొదుపు తెలియదు. నల్లటి తెర మీద ఒక్క చుక్క మందంతో రాసిన ఎర్రటి స్కోరు మాత్రం అలుక్కుపోతుంది. దీనికి మందు, ఎన్‌కోడ్ చేసే ముందే బొమ్మను సరిగ్గా రెండింతలో నాలుగింతలో పెద్దది చేయడం. పక్క చుక్కల్ని కలిపి నునుపు చేయకూడదు, ఉన్న చుక్కనే పెద్ద గడిగా పరవాలి. అప్పుడు ప్రతి చుక్కకూ తనదైన రంగు దక్కుతుంది. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ఇంకో లాభం కూడా ఉంది. 2014లో అక్కడ అరవై ఫ్రేములు మొదలయ్యాయి గానీ 720పి, ఆ పైన ఉన్నవాటికే. చిన్న తెరగా పంపితే ముప్పైకి దించేస్తుంది, మిణుకు బొమ్మలు మళ్లీ మాయమవుతాయి.

ఇక సమయం. ఆడుతూ రికార్డు చేసేటప్పుడు ఎన్‌కోడర్‌కు ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. ఆ తొందరలో మంచి పొదుపు కుదరదు. అందుకని రికార్డింగ్‌ను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించి, 50 మెగాబిట్ల చొప్పున ధారాళంగా తీయనిస్తాను, గంటకు 22.5 జీబీ. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంకేవీ ఫైలుగానే తీస్తాను. మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 ఫైలు తెరుచుకోకపోవచ్చు, ఎంకేవీ అయితే అప్పటిదాకా తీసింది చేతిలో ఉంటుంది. తర్వాత తీరిగ్గా ఎక్స్264ను నెమ్మది ప్రీసెట్‌లో పెడతాను. రాబోయే పదుల ఫ్రేముల్ని ముందే చూసి, ఏ గడి ఎక్కడికి జరుగుతుందో వెతికి, ఎంతసేపు నిలిచే దృశ్యానికి అంత శ్రద్ధ పెడుతుంది. నా కంప్యూటర్ ఒక్కసారి ఎక్కువసేపు పనిచేస్తే చూసే ప్రతి ఒక్కరి డేటా మిగులుతుంది.

వీడియో కన్నా చిన్న దారి ఒకటుంది. 1993లో వచ్చిన డూమ్ ఆట తెరను కాకుండా ఆటగాడు నొక్కిన మీటల్ని రికార్డు చేసేది. సెకనుకు 35 సార్లు, సారికి 4 బైట్లు. ఒక ఆటగాడి నిమిషం ఆట 8,400 బైట్లు! ఆటే ఆ మీటల్ని మళ్లీ నొక్కుకుని అంతా తిరిగి చూపిస్తుంది. కానీ అదే ఆట, సరైన వెర్షన్ దగ్గరుండాలి. సర్వర్ మీద నడిచే ఇప్పటి ఆటలకు ఆ భరోసా లేదు. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు అప్పటిదాకా ఆడిన మ్యాచ్‌లకు మిగిలిన ఆనవాలు ఎవరో తీసిన వీడియోలే. వాటిలో చాలావాటికి వాట్సాప్‌లో పంపినప్పుడు మళ్లీ కుదింపు జరిగింది. ఒకసారి పోయిన వివరం తర్వాత ఎంత మంచి ఎన్‌కోడర్ వచ్చినా తిరిగి రాదు.

కాబట్టి ముఖ్యమైన మ్యాచ్‌ల మూల రికార్డింగుల్ని నేను చెరపను. 2018లో వచ్చిన ఏవీ1 కోడెక్ అంతే నాణ్యతను హెచ్.264 కన్నా తక్కువ బిట్లలో ఇస్తుంది కాబట్టి మూలాలున్న వాటిని ఇప్పుడు దానిలోకి మారుస్తున్నాను. ముందు మా వాడివే తీసుకున్నాను, అందులోనూ గడ్డి, పొగ ఎక్కువున్నవి. వాటికి సరైన నాణ్యత అంకె దొరికితే మిగతావాటికి వెతుక్కోనక్కర్లేదు.