ఒసేజ్ విల్లు, ఆరు బాణాలు

సెప్టెంబరు సగం గడిచేసరికి మా వీధి చివరింటి కారు ఎండావానల పాలవుతుంది. అది ఉండాల్సిన షెడ్డును ఆ ఇంటి పెద్దాయన ఆక్రమించుకుంటాడు. పొడవాటి బల్ల మీద సన్నటి సీడర్ పుల్లలు, టర్కీ కోడి రెక్కల ఈకలు, జిగురు కడ్డీలు, ఆకురాయి, తేనెమైనం ముద్ద. గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టిన విల్లు. మిషిగన్‌లో విల్లుతో జింకల్ని వేటాడే కాలం అక్టోబరు 1న మొదలవుతుంది. నవంబరు 15న తుపాకులవాళ్లు దిగేదాకా అడవి వీళ్లది.

నేను వేటకు వెళ్లను. జింక అనగానే కణ్వాశ్రమం గుర్తొచ్చే చదువు నాది. పైగా 1972 నాటి చట్టంతో మన దేశంలో వన్యప్రాణుల వేట ఎంత నేరమో తెలిసి పెరిగినవాణ్ణి. ఇక్కడ లైసెన్సు కొనుక్కుని, లెక్క చెప్పి వేటాడతారు. ఆ తగువు జోలికి ఇప్పుడు పోను. కొన్నేళ్లుగా ఈ రెండు వారాలూ ఆ షెడ్డులో ఒక స్టూలు నాకోసం ఉంటోంది. పని చూడ్డానికి వెళ్లి కూర్చుంటాను.

ఇక్కడ విల్లు పట్టేవాళ్లలో చాలామంది చేతిలో ఇప్పుడు ఉండేది కప్పీల విల్లు. 1966లో హోలెస్ విల్బర్ ఆలెన్ పేటెంటుకు దరఖాస్తు పెట్టిన కాంపౌండ్ విల్లు అది. పూర్తిగా లాగాక బరువులో చాలా భాగాన్ని కప్పీలే మోస్తాయి. మన విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ పతకాలు గెలిచింది ఆ రకంతోనే. పెద్దాయనది అంతకు ముందటి దారి. ఒక చెక్క, ఒక నారి. గురి చూపించే సూదులూ లేవు, బరువు మోసే చక్రాలూ లేవు.

ఆ చెక్క ఒసేజ్ ఆరెంజ్ చెట్టుది. పేరులో నారింజ ఉన్నా దానికేమీ కాదు. పనసకూ మల్బరీకీ చుట్టం. టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా రాష్ట్రాల ఎర్రనది పరిసరాలు దీని పుట్టిల్లు. ఒసేజ్ తెగవాళ్లు దీంతో విళ్లు చేసుకోవడం చూసిన ఫ్రెంచివాళ్లు ‘వింటికర్ర’ అనే అర్థంలో ‘బ్వా దార్క్’ అన్నారు. పల్లెటూళ్ల నోట పడి అది ‘బోడార్క్’ అయింది. ఒళ్లంతా ముళ్లు కాబట్టి, ముళ్లతీగ రాకముందు రైతులు దీన్నే పొలాలకు కంచెగా పెంచారు. కోసిన కొత్తలో ఈ చెక్క పచ్చిపసుపు కొమ్ము విరిచినట్టు ఉంటుంది. వెలుతురు తగిలి ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది. పెద్దాయన విల్లు ఇప్పుడు పాతబెల్లం రంగుకు వచ్చింది.

చేవ అంటే ఏమిటో మన వడ్రంగులకు చెప్పక్కర్లేదు. బెరడు, దాని కింది తెల్లటి లేత చెక్క తీసేసి ఆ చేవ దగ్గరికి చేరాలి. చెట్టు ఏటా ఒక వలయం పెరుగుతుంది కదా, ఆ వలయాల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా అదొక్కటే పైపొరగా మిగిలేలా చెక్కుకుంటూ పోవాలి. విల్లు లాగినప్పుడు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నొక్కుకుంటుంది. బయటివైపును వీపు అంటారు, లోపలివైపును కడుపు. వీపు మీద పోగు ఎక్కడ తెగినా చీలిక అక్కడే పుట్టి, ఏదో ఒకరోజు విల్లు రెండు ముక్కలవుతుంది. చెట్టులో ముడి ఉన్నచోట వలయం గుట్టలా లేస్తుంది. కత్తి కూడా దాంతోపాటే ఎక్కి దిగాలి. ఈ విల్లు వీపు మీద వేలు నడిపితే పైభాగంలో కుంకుడుగింజంత బొడిపె తగులుతుంది. చిత్రిక పట్టి చదును చేసి ఉంటే చూడ్డానికి బాగుండేది, విల్లు మాత్రం మిగిలేది కాదు.

వీపు తేలాక దాన్ని మళ్లీ ముట్టుకోరు. మిగతా పనంతా కడుపు వైపే. పదునుపెట్టిన ఉక్కురేకుతో నాలుగు గీతలు గీకడం, విల్లును గోడకు తగిలించి నారిని తాడుతో ఇరవై ముప్పైసార్లు లాగడం, దూరంగా నిలబడి వంపు చూడడం. పిడికి పైనున్న రెక్క, కిందున్న రెక్క ఒకేలా వంగాలి. గట్టిగా ఉన్నచోట గీకాలి, మెత్తబడినచోట చెయ్యి పెట్టకూడదు. ఒక్కచోట పొరపాటున ఎక్కువ గీకితే తలుపు బందు పెట్టినట్టు అక్కడే మడత పడుతుంది. తీసిన చెక్కను తిరిగి అతికించలేం. మిగిలిన భాగమంతా దాని స్థాయికి దించడం ఒక్కటే మార్గం, అంటే విల్లు బలాన్ని వదులుకోవడం. పెద్దాయన దీన్ని 50 పౌన్ల విల్లుగా మొదలుపెట్టాడు. 46 దగ్గర, అంటే సుమారు 21 కిలోల దగ్గర ఆగింది. ఆ నాలుగు పౌన్లు ఎక్కడ పోయాయని అడిగితే కింది రెక్క మీద జానెడు మేర చూపించి నవ్వుతాడు. నాకు ఆ జానెడే ఈ విల్లులో ఎక్కువ ఇష్టం. బలం పోయిందని చెబితే తప్ప తెలియనంత నున్నగా సర్దాడు.

ఏటా సెప్టెంబరులో విల్లును ముందుగా దూదితో తడుముతాడు. వీపు మీద దూది ఉండను మెల్లగా లాగుకుంటూ పోతే, కంటికి ఆనని పెచ్చు ఎక్కడైనా లేచి ఉంటే పోగు అక్కడ చిక్కుకుంటుంది. ఆ తర్వాత కొత్త నారి. డాక్రాన్ దారాలు కొన్ని కలిపి, మైనం రాసి, పల్లెల్లో పగ్గం పేనినట్టే పేనుతాడు. ఇప్పటి కొత్త దారాలు సాగవు, బాణం కాస్త వేగంగా కూడా పోతుంది. అయినా వాటిని పాత చెక్కవిల్లుకు కట్టడు. నారి సాగకపోతే ఆ అదురంతా వింటికొప్పుల మీద పడుతుంది. నారి ఎక్కించాక పిడికీ నారికీ మధ్య ఎడం ఆరున్నర అంగుళాలు ఉండాలని ఆయన లెక్క. తక్కువైతే నారిని విప్పి రెండు మెలికలు ఎక్కువ వేస్తాడు, ఎక్కువైతే తీస్తాడు. కాలు అడ్డుపెట్టి విల్లు వంచడం సినిమాల్లో బాగుంటుంది కానీ రెక్క పక్కకు తిరిగిపోతుందని, దానికి వేరే తాడు వాడతాడు.

పని కాగానే నారి దించి, విల్లును మేకుల మీద పడుకోబెడతాడు. మూలన నిలబెట్టడు. ఈ అలవాటుకు అమెరికాలో ఒక పెద్ద వంశవృక్షం ఉంది. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరొవిల్ దగ్గర ఇషీ అనే యాహీ తెగ మనిషి ఒంటరిగా అడవి నుంచి బయటికొచ్చాడు. తన వాళ్లందరిలో చివరివాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన సాక్స్‌టన్ పోప్ అనే సర్జన్ అతని దగ్గర విలువిద్య నేర్చుకున్నాడు. 1916లో ఇషీ చనిపోయాక, 1923లో పోప్ రాసిన పుస్తకమే ఈ దేశంలో విల్లు వేటను మళ్లీ లేపింది. విల్లు వాడనప్పుడు పడుకుని ఉండాలి, దాన్ని ఎవరూ దాటకూడదు అన్నవి ఇషీ నియమాలు. పోప్ స్నేహితుడు ఆర్ట్ యంగ్ అలాస్కా వేట సినిమాను 1927లో డెట్రాయిట్‌లో చూసిన ఫ్రెడ్ బేర్ ఈ మిషిగన్‌లోనే విళ్ల కంపెనీ పెట్టాడు. పెద్దాయన తరానికి విల్లు చేరింది అలా. నాకు మాత్రం నారి దించిన విల్లును చూస్తే విరాటపర్వమే. పాండవులు జమ్మిచెట్టు ఎక్కించే ముందు ఒక్కొక్కరే నారి దించారు కదా. దసరా రోజుల్లోనే ఈ పని సాగడం వట్టి కాకతాళీయం. అయినా పోయినేడు ఆ బల్ల మీద నాలుగు బంతిపూలు పెట్టి వచ్చాను. ఆయన ఎందుకని అడగలేదు, తీసెయ్యనూ లేదు.

బాణాల దగ్గరికొస్తే ఆయన పిసినారి. నాలుగు డజన్ల పుల్లలు తెప్పిస్తాడు, వేటకు వెళ్లేవి ఆరు. ఆరెగన్ నైరుతి తీరంలోనూ, దాన్ని ఆనుకున్న కాలిఫోర్నియా మూలలోనూ పెరిగే పోర్ట్ ఆర్ఫర్డ్ సీడర్ అది. కోస్తే అల్లం కలిసిన ఘాటు వాసన. వేరుకుళ్లు తెగులు సోకి ఆ చెట్లు చాలా పోయాయి కాబట్టి పుల్ల పారేసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరంటుంది. ఆయన ముందు పుల్లను కంటికి ఎదురుగా పట్టి తిప్పుతాడు. వంకర ఉంటే వేడి చూపించి, బొటనవేలితో నొక్కి సరిచేస్తాడు. తర్వాత అసలు పరీక్ష. పుల్లను 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 2 పౌన్ల బరువు వేలాడదీస్తాడు. ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి, ఆ అంకెతో 26ను భాగిస్తే పుల్ల బిగువు పౌన్లలో వస్తుంది. 0.52 అంగుళం కుంగితే 50 పౌన్ల పుల్ల.

ఈ బిగువు ఎందుకంటే, చెక్కవిల్లు పిడి బాణానికి అడ్డంగా ఉంటుంది. నారి వెనక నుంచి తోస్తుంటే బాణం తిన్నగా పోలేదు. పిడి చుట్టూ వంగి, చేపలా అటూ ఇటూ ఊగి, దాటాక నిటారవుతుంది. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త అతివేగపు కెమెరాతో దీన్ని పట్టి చూపించాడు. పుల్ల మరీ గట్టిదైతే వంగక ఒక పక్కకు పోతుంది, మరీ మెత్తనిదైతే ఎక్కువ వంగి రెండో పక్కకు. ఈ విల్లుకు ఏది సరిపోతుందో చివరికి విల్లే చెప్పాలి. కాబట్టి ఈకలు కట్టని పుల్లల్ని గడ్డి మోపులోకి వేసి, తోక ఎటు తిరిగి గుచ్చుకుందో చూసి మళ్లీ కొన్నింటిని పక్కన పడేస్తాడు.

మిగిలిన వాటికి నారి పట్టే గాడి వైపు 11 డిగ్రీల వాలు, ములికి వైపు 5 డిగ్రీల వాలు చెక్కుతాడు. పుల్ల కొసన చెక్కపొరలు గీతల్లా కనిపిస్తాయి; గాడి ఆ గీతలకు అడ్డంగా కూర్చోవాలి, అప్పుడే గట్టివైపు పిడికి ఆనుతుంది. తర్వాత ఈకలు. టర్కీ ఎడమ రెక్క ఈకకు ఒక వంపు, కుడి రెక్క ఈకకు ఎదురు వంపు. ఒక బాణానికి మూడూ ఒక వైపువే కావాలి, లేకపోతే బాణం తిరగాలో వద్దో తెలియక తికమక పడుతుంది. కాలిన తీగతో ఈకల్ని ఆకారానికి తెచ్చేటప్పుడు షెడ్డంతా వెంట్రుకలు కాలిన కంపు. ఆ రోజు నేను త్వరగా ఇంటికి వస్తాను.

చివర్లో తూకం. బాణాన్ని గ్రెయిన్లలో తూస్తారు. గురివింద గింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. ఆయన బాణాలు 520 గ్రెయిన్లు, అంటే 34 గ్రాములకు కొంచెం లోపు. ఆరింటి మధ్య తేడా అయిదు గ్రెయిన్లు మించకూడదు. రెండు మూడు గురివింద గింజల తేడా కోసం ఆయన పడే పాట్లు చూస్తే మా ఊరి కంసాలి గుర్తొస్తాడు.

ములికికి రెండు అలుగులు, రెండూ ఉక్కువి. ఆకురాయితో కోణం తెచ్చి, సానరాయి మీద నెమ్మదిగా నడిపి, చివర తోలు పట్టీ మీద రుద్దుతాడు. పరీక్షకు రబ్బరు బ్యాండును వేళ్ల మధ్య వదులుగా సాగదీసి పట్టుకుంటాడు. అలుగు తాకీ తాకగానే తెగిపోవాలి. నొక్కితే తెగిందా, మళ్లీ తోలు దగ్గరికి. ఈ ఒక్క పనిలో ఆయనకు హాస్యం ఉండదు. తూటాకు ఉన్న దెబ్బ బాణానికి లేదు. బాణం రక్తం పోయేలా చేసి చంపుతుంది. మొద్దు అలుగు రక్తనాళాన్ని పక్కకు తోసేస్తుంది, పదునైనది కోస్తుంది. రెండు ఊపిరితిత్తుల్లోంచీ అలాంటి అలుగు దూసుకుపోతే జింక కొన్ని సెకన్లలోనే పడిపోతుంది. లేకపోతే ఏ పొదలోనో రాత్రంతా. పదును తేలాక బాణాన్ని ములికి మీద నిలబెట్టి బొంగరంలా తిప్పుతాడు. వణికిందంటే జిగురు కరిగించి మళ్లీ కూర్చోబెడతాడు. తుప్పు పట్టకుండా అలుగులకు పలచగా వ్యాసలీను.

దశరథుడు చప్పుడు విని బాణం వేశాడు. ఇక్కడ చప్పుడు వినేది జింక. 20 గజాల దూరానికి ఈ బాణం చేరడానికి సెకనులో మూడోవంతుకు పైనే పడుతుంది, నారి మోత అంతకు చాలా ముందే చేరుతుంది. వినగానే జింక దూకడానికి ఒళ్లు కుంచిస్తుంది, బాణం వీపు మీదుగా పోతుంది. అందుకని నారికి పైనా కిందా బీవర్ బొచ్చు పేలికలు చుట్టి మోతను మింగిస్తాడు. నారి ఆనే గాడుల్లో తోలుముక్కలు. చీకట్లో నన్ను ఎదురుగా నిలబెట్టి, పక్కనే గడ్డి మోపులోకి వేసి, ‘వినిపించిందా?’ అంటాడు. పోయినేడు ‘టక్’ మంది. ఈసారి దుప్పటి దులిపినట్టు ‘ధప్’ మంది.

ఆగస్టు నుంచి రోజూ తెల్లవారగానే ఒక్క బాణం వేస్తాడు, కాఫీ అయినా తాగకుండా. అడవిలో రెండోది వేసే వీలు దొరకదు కాబట్టి లెక్క ఆ ఒక్కదానికే. గురి తొమ్మిది అంగుళాల కాగితం ప్లేటు, జింక ఊపిరితిత్తులంత. ఎంత దూరం నుంచి ఒక్కరోజూ ప్లేటు తప్పలేదో దాన్ని గోడ మీద పెన్సిలుతో రాస్తాడు. అక్కడ ఏటేటి అంకెలు వరసగా ఉన్నాయి. ఒకప్పటి 25 మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది. ఈ ఏటి అంకె 17.

అక్టోబరు 1 సాయంత్రం వెళ్లేసరికి పొదిలో ఆరు బాణాలూ ఉన్నాయి. మంచుకు తడిసి ఈకలు అణిగిపోయాయి. ఆడజింక ఒకటి ఇరవై రెండు గజాల దగ్గర చాలాసేపు మేసిందని, ఇటు రాలేదని చెప్పాడు. చెబుతూనే కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. టీ కోసమనుకున్నాను. ఆవిరి రాగానే బాణాలు ఒక్కొక్కటే తీసి దాని మీద తిప్పసాగాడు. నలిగిన ఈకలు విచ్చుకుని, ఒక్కో పోగూ లేచి నిలబడింది.