యాస్కిన్ నోట శ్రీశ్రీ మాట: ‘కల్కి 2898 ఏడీ’లో కమల్ హాసన్ ప్రతినాయకత్వం, తెలుగు అభిమాని స్పందన

వ్యాససంగ్రహం:
2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రంలో కమల్ హాసన్ సుప్రీమ్ యాస్కిన్ అనే ప్రతినాయక పాత్రను ధరించారు. నాలుగున్నర దశాబ్దాలుగా ఆయనను అభిమానిస్తున్న తెలుగు ప్రేక్షకుల స్పందనలో రెండు ధోరణులు ప్రముఖంగా కనిపించాయి. ఒకటి, పాత్ర నిడివి చాలలేదన్న అసంతృప్తి. రెండు, చివరి సన్నివేశంలో శ్రీశ్రీ కవిత వినిపించినప్పుడు కలిగిన ఉత్సాహం. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండింటికీ మూలం ఒక్కటేనని, అది అభిమానంలో నిక్షిప్తమైన జ్ఞాపకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు సినిమాలోని ప్రతినాయక సంప్రదాయం, ద్విపాత్రాభినయ సంప్రదాయం, హైదరాబాదు ఐటీ ప్రాంత ప్రేక్షకుల జీవననేపథ్యం ఆధారంగా ఆ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రతినాయకుడు, అభిమానం, వైజ్ఞానిక కల్పన, కమల్ హాసన్, శ్రీశ్రీ, సైబరాబాద్.

1. ప్రవేశిక:
హైదరాబాదులో సినిమా అభిమానానికి రెండు చిరునామాలున్నాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య, సుదర్శన్, దేవి వంటి థియేటర్లు మొదటిది. కటౌట్లు, పూలదండలు, తెర ముందు ఎగిరే కాగితపు ముక్కలు అక్కడి అభిమానానికి గుర్తులు. రెండోది మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లోని మల్టీప్లెక్సులు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత హైటెక్ సిటీ చుట్టూ కొత్త ఉద్యోగవర్గం స్థిరపడింది. ఇనార్బిట్ మాల్, శరత్ సిటీ మాల్ వంటి కట్టడాలు ఆ వర్గానికి సినిమా చూసే తావులయ్యాయి. 2018లో కొండాపూర్‌లో ఏఎంబీ సినిమాస్ మొదలైంది. మెడలో గుర్తింపు కార్డుతోనే ఆఫీసు నుంచి నేరుగా హాలుకు వచ్చే ప్రేక్షకుడు ఇక్కడ కనిపిస్తాడు. అతనికీ అభిమానం ఉంటుంది. అది దండ వేయదు, మాటల్లో తేలుతుంది. పాత్రను విప్పి చూస్తుంది, పాత సినిమాలతో పోలుస్తుంది.

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో, వైజయంతీ మూవీస్ నిర్మాణంలో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ ఈ ప్రేక్షకునికి సహజంగానే దగ్గరైన చిత్రం. ‘కాంప్లెక్స్’, ‘యూనిట్లు’, ‘ప్రాజెక్ట్ కె’ అనేవి ఈ చిత్రంలోని లోకానికి సంబంధించిన పదాలు. ఇవన్నీ ఆఫీసు భాషకు చాలా దగ్గరివి. నీళ్లు లేని కాశీ నేల మీద ఉంటుంది. సకల సంపదలనూ పీల్చుకున్న కాంప్లెక్స్ తలకిందులైన పిరమిడ్ ఆకారంలో ఆకాశంలో నిలిచి ఉంటుంది. పది లక్షల యూనిట్లు కూడబెట్టి అందులోకి చేరాలని ప్రభాస్ ధరించిన భైరవ ఆశపడతాడు. ఆ కాంప్లెక్స్‌కు అధిపతి యాస్కిన్. గర్భిణుల నుంచి తీసిన సీరంతో తన ఆయువును, శక్తిని పెంచుకోవాలన్నది అతని పథకం. ఇటువంటి క్రూరునిగా కమల్ హాసన్ కనిపించడాన్ని అభిమాని ఎలా స్వీకరించాడన్నది ఇక్కడి ప్రశ్న.

2. ప్రతినాయకుడు – తెలుగు సంప్రదాయం:
ధనంజయుని ‘దశరూపకం’ ప్రతినాయకుణ్ణి లోభి, ధీరోద్ధతుడు, మూర్ఖపు పట్టుదల కలవాడు, పాపి, వ్యసనపరుడు అని నిర్వచించింది. తెలుగు సినిమా ఈ లక్షణాలకు మరొకదాన్ని చేర్చింది. అది గౌరవం. ‘భూకైలాస్’ (1958), ‘సీతారామకల్యాణం’ (1961) చిత్రాల్లో ఎన్.టి. రామారావు రావణునిగా నటించారు. ‘దానవీరశూరకర్ణ’ (1977)లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ఆయనే. ‘నర్తనశాల’ (1963)లో కీచకునిగా, ‘భక్త ప్రహ్లాద’ (1967)లో హిరణ్యకశిపునిగా ఎస్.వి. రంగారావును తెలుగు ప్రేక్షకుడు మరచిపోలేదు.

ఈ పాత్రలను ఆదరించిన ప్రేక్షకుడు అధర్మాన్ని ఆదరించలేదు. రావణునికి శివభక్తి ఉంది, పాండిత్యం ఉంది. దుర్యోధనునికి మైత్రి ఉంది, అభిమానధనం ఉంది. హిరణ్యకశిపునికి తమ్ముణ్ణి పోగొట్టుకున్న పగ ఉంది. పాత్రకు తనదైన కారణం ఉన్నందువల్లనే ప్రేక్షకుడు దాని పతనాన్ని కూడా ఆసక్తితో చూశాడు. కనుక అభిమాన నటుడు ప్రతినాయకుడు కావడం తెలుగు ప్రేక్షకునికి కొత్త కాదు. కారణం లేని ప్రతినాయకుడు కావడమే కొత్త.

3. ద్విపాత్రాభినయం ఇచ్చే ఊరట:
సాంఘిక, వైజ్ఞానిక చిత్రాల్లో అభిమాన నటుడు దుష్టుడైనప్పుడు అభిమానికి ఒక ఊరటను కల్పించడం పరిపాటి. అదే ముఖంతో మంచివాడొకడు పక్కనే ఉంటాడు. ‘రోబో’ (2010)లో రజనీకాంత్ శాస్త్రవేత్త వశీకరణ్ కూడా, చిట్టి కూడా. ‘24’ (2016)లో సూర్య క్రూరుడైన ఆత్రేయ, శాస్త్రవేత్త సేతురామన్, యువకుడైన మణి అనే మూడు పాత్రలు ధరించారు. ‘జై లవకుశ’ (2017)లో జూనియర్ ఎన్టీఆర్ పోషించిన జై పాత్రకు ఇద్దరు సోదరుల తోడుంది. అభిమాని దుష్టపాత్ర నటనకు చప్పట్లు కొట్టి, తన పక్షపాతాన్ని మంచి పాత్ర దగ్గర ఉంచుకోగలడు.

కమల్ హాసన్ కూడా ఈ దారిలో నడిచినవారే. ‘ఇంద్రుడు చంద్రుడు’ (1989)లో అవినీతిపరుడైన మేయర్ ఆయనే, అతని స్థానంలోకి వచ్చే యువకుడూ ఆయనే. ‘అభయ్’ (2001)లో ఉన్మాది నందు, అతణ్ణి ఆపవలసిన సోదరుడు ఇద్దరూ ఆయనే. ‘దశావతారం’ (2008)లో హంతకుడు ఫ్లెచర్‌కు ఎదురు నిలిచే గోవింద్ కూడా ఆయనే.

ఈ వరుసకు మినహాయింపు ‘ఎర్ర గులాబీలు’. అందులో కమల్ హాసన్ పాత్రకు మంచి జంట లేదు, అతడే హంతకుడు. కానీ అతడు అలా మారడానికి గల బాల్యాన్ని కథ చూపింది. ‘రోబో’లోని చిట్టికి తిరస్కృతమైన ప్రేమ, ఛిద్రమైన శరీరం ఉన్నాయి. ‘24’లోని ఆత్రేయ కోమాలో పోగొట్టుకున్న ఇరవై ఆరేళ్లను తిరిగి పొందాలనుకుంటాడు. వైజ్ఞానిక కల్పనలోనూ ప్రతినాయకుని యంత్రం వెనుక ఒక మానవ దుఃఖం ఉండాలని ఈ చిత్రాలు గుర్తించాయి.

4. నిడివిపై ఫిర్యాదు – ఒక విమర్శ తీర్పు:
సుమారు మూడు గంటల ‘కల్కి’లో యాస్కిన్ కనిపించేది కొద్ది సన్నివేశాల్లోనే. 2023 జూన్‌లో కమల్ హాసన్ పేరు ప్రకటించినప్పటి నుంచి, అదే ఏడాది జూలైలో శాన్ డియాగో కామిక్ కాన్ వేదికపై ఆయన చిత్రబృందంతో కలిసి కనిపించినప్పటి నుంచి పెరిగిన నిరీక్షణకు ఈ నిడివి సరిపోలేదు. తన పాత్రలో అధికభాగం రెండో భాగంలో ఉంటుందని కమల్ హాసన్ కూడా తెలిపారు.

అభిమానుల ఈ ఫిర్యాదును కేవలం తమ నటుణ్ణి మరింతసేపు చూడాలన్న ఆశగా కొట్టిపారేయడం తగదు. ఇదే చిత్రంలో శోభన ధరించిన మరియమ్ పాత్ర కూడా తక్కువ సేపే ఉంటుంది. అయినా ఆమె ఎవరికోసం నిలబడిందో, ఎందుకు ప్రాణం ఇచ్చిందో తెలుస్తుంది. యాస్కిన్ విషయంలో అలా జరగలేదు. శుష్కించిన శరీరం, దానికి ఆధారమైన యంత్రాలు, అతని పేరు వింటే తలవంచే సేనాని మానస్ – ఇవన్నీ అతని అధికారాన్ని తెలుపుతాయి. అతని గతాన్ని, వాదాన్ని తెలపవు. ఆకారం మొదటి భాగంలో, కారణం రెండో భాగంలో అన్న పంపకం నిర్మాణపరంగా సాధ్యమే. కానీ రసపోషణ దృష్ట్యా లోపమే. ‘ఇంకొంచెంసేపు ఉంటే బాగుండేది’ అన్న అభిమాని మాటలో ‘ఇతడు ఎందుకిలా ఉన్నాడో చెప్పలేదు’ అన్న విమర్శ దాగి ఉంది. రావణుణ్ణి, దుర్యోధనుణ్ణి చూసి ఎదిగిన ప్రేక్షకుని అభిరుచి నుంచి వచ్చిన తీర్పు ఇది.

5. ‘ఆకలి రాజ్యం’ నుంచి కాంప్లెక్స్ దాకా:
చివరి సన్నివేశంలో యాస్కిన్ ఒక్క చుక్క సీరంతో యవ్వనశరీరాన్ని పొందుతాడు. తెలుగు రూపంలో అప్పుడతడు పలికేవి శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని ‘జగన్నాథుని రథచక్రాలు’ కవితలోని మాటలు. థియేటర్లలో ఎక్కువ స్పందన పొందిన ఘట్టాల్లో ఇదొకటి.

ఈ స్పందనకు చారిత్రక కారణం ఉంది. 1981లో కె. బాలచందర్ దర్శకత్వంలో వచ్చిన ‘ఆకలి రాజ్యం’లో కమల్ హాసన్ పాత్ర శ్రీశ్రీ కవిత్వాన్ని ఊపిరిగా చేసుకున్న నిరుద్యోగి. పట్టా చేతబట్టుకుని ఢిల్లీ వీధుల్లో ఉద్యోగం కోసం తిరుగుతాడు. ఆకలితో ఉంటాడు, ఆత్మగౌరవాన్ని మాత్రం అమ్ముకోడు. శ్రీశ్రీ పుస్తకాన్ని తెరవని తెలుగువారిలో కూడా ఎందరికో ఆ కవి పరిచయమైంది ఈ చిత్రం ద్వారానే. ఆ పాత్రకు గాత్రమిచ్చినవారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఆ గొంతు 2020లో ఆగిపోయింది. 2024లో శ్రీశ్రీ మాట, కమల్ హాసన్ ముఖం మళ్లీ కలిశాయి. గొంతు మారింది, పలికే స్థానం కూడా మారింది. ఆనాడు ఆ మాట అన్నం లేనివాని నోట వచ్చింది. ఈనాడు అందరి అన్నం లాక్కున్నవాని నోట వచ్చింది.

ఇక్కడే ఒక గంభీరమైన ప్రశ్న ఎదురవుతుంది. పతితులను, పీడితులను ఓదార్చి, వారికోసం లోకాన్ని కదిలిస్తానని కవి ఇచ్చిన మాట ఆ కవిత. దాన్ని పీడకుడు పలికితే కవిత ఎవరిదవుతుంది? చప్పట్లు కొట్టిన అభిమాని పీడకుని పక్షం వహించినట్లా?

కాదనే చెప్పాలి. ఆ చప్పట్లలో పెద్దభాగం జ్ఞాపకానిది. ‘ఆకలి రాజ్యం’ నాటి నిరుద్యోగి తరానికి పిల్లలైనవారు ఈనాడు మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. తండ్రులు దూరనగరాల్లో వెతికిన ఉద్యోగం వారికి ఇక్కడ దొరికింది. దానితోపాటు ఎప్పుడు పోతుందో తెలియని భయమూ దొరికింది. యూనిట్లు కూడబెట్టి పైకి చేరాలన్న భైరవ ఆశ వారికి అర్థమవుతుంది. పైనున్నవాడు ఎంత మంచి మాటలతో కింది శ్రమను వాడుకోగలడో కూడా అర్థమవుతుంది. మార్పు, విప్లవం, కొత్త లోకం అనే పదాలు ఈనాడు వ్యాపార ప్రకటనల్లోనూ వినిపిస్తున్నాయి. విమోచన భాష అధికారభాషగా మారగలదన్న సత్యాన్ని యాస్కిన్ పలుకు ఒక్క క్షణంలో చూపింది. ఈ చిత్రంలో అత్యంత ఆధునికమైన దుష్టత్వం ఇదే.

అయితే దర్శకుడు ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపాడా, లేక జ్ఞాపకపు ఉద్వేగాన్ని మాత్రమే వాడుకున్నాడా అన్నది సన్నివేశం తేల్చలేదు. ఆ మాటలు విని నివ్వెరపోయే బాధితుడు ఒక్కడైనా అక్కడ ఉంటే వ్యంగ్యం స్పష్టమయ్యేది. అలా లేకపోవడం వల్ల కవిత ప్రతినాయకుని వైభవానికి అలంకారంగా మిగిలే ప్రమాదం ఏర్పడింది.

6. గాండీవం – తలకిందులైన పురాణం:
అదే ఘట్టంలో యాస్కిన్ అర్జునుని గాండీవాన్ని చేపడతాడు. మరోవైపు భైరవలో కర్ణుడు వ్యక్తమవుతాడు. ధర్మపక్షపు విల్లు దుష్టుని చేతికి, కౌరవపక్ష యోధుని అంశ నాయకునికి చేరాయి. ఈ మార్పును తెలుగు ప్రేక్షకుడు తడబడకుండా స్వీకరించడానికి కర్ణునిపై తెలుగు సినిమా పెంచిన సానుభూతి తోడ్పడింది. గాండీవం, శ్రీశ్రీ కవిత రెండూ ఇక్కడ ఒకే పని చేస్తాయి. రెండూ ప్రేక్షకుని గౌరవాన్ని పొందినవే. రెండూ అర్హత లేనివాని చేత చిక్కినవే. వీటి సరసన మూడవది కూడా ఉంది. అది కమల్ హాసన్ ముఖం. ‘సాగర సంగమం’ (1983), ‘స్వాతిముత్యం’ (1986) చిత్రాల ద్వారా ఆ ముఖం పొందిన ఆర్ద్రతను కూడా యాస్కిన్ తీసుకున్నాడు. ద్విపాత్రాభినయంలో మంచి పాత్ర తెర మీద ఉండేది. ఇక్కడ అది ప్రేక్షకుని జ్ఞాపకంలో ఉంది. యాస్కిన్‌కు ఎదురుగా నిలిచిన జంటపాత్ర ‘ఆకలి రాజ్యం’ నిరుద్యోగియే.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. అభిమాన నటుడు ప్రతినాయకుడు కావడం తెలుగు సంప్రదాయానికి అన్యం కాదు. ఆ పాత్రకు కారణం, గౌరవం ఉండాలని ఆ సంప్రదాయం కోరుతుంది.

2. యాస్కిన్ నిడివిపై వచ్చిన అసంతృప్తి పాత్రపోషణ లోపాన్ని గుర్తించిన విమర్శగా పరిగణించదగినది.

3. శ్రీశ్రీ కవితకు వచ్చిన స్పందన దుష్టత్వానికి ఆమోదం కాదు. అది ‘ఆకలి రాజ్యం’ నాటి జ్ఞాపకానికి దక్కిన ఆదరణ.

4. విమోచన భాషను అధికారం స్వాధీనం చేసుకోగలదన్న భావన ఈ పాత్రలో బీజరూపంలో ఉంది. రెండో భాగంలో యాస్కిన్ ఎంతసేపు కనిపిస్తాడన్నదానికంటే ఈ బీజం ఎలా ఎదుగుతుందన్నదే ముఖ్యం.

అభిమాని తన నటుణ్ణి కోల్పోయేది ఆ నటుడు చెడ్డవాడుగా కనిపించినప్పుడు కాదు. ఆ చెడుకు అర్థం లేనప్పుడు. శ్రీశ్రీ మాటలను యాస్కిన్ ఎందుకు పలికాడో రాబోయే కథ చెప్పవలసి ఉంది. చెబితే అవి మళ్లీ కవి ఉద్దేశించిన జనానికే చేరతాయి. చెప్పకపోతే చప్పట్ల మధ్య ఆ నిరుద్యోగి మరొకసారి ఆకలితోనే మిగిలిపోతాడు.